పిల్లల డాక్టరు ఇచ్చిన కాగితంలో ఏ పేరెంటింగ్ కోర్సు మన ఇంటికి నప్పుతుంది?

మావాడి మూడేళ్ల చెకప్‌లో బరువు, ఎత్తు, టీకాలు అన్నీ అయ్యాక డాక్టరమ్మ "ఇంట్లో ఎలా ఉంటున్నాడు?" అని మామూలుగానే అడిగారు. "బాగానే" అనబోయి ఏడ్చేశాను. పొద్దున డే కేర్‌కి బయల్దేరేముందు బూట్లు తొడగడానికి అరగంట. స్నానానికి ఇంకో అరగంట. ఫోను చేతిలో పెడితే తప్ప ముద్ద దిగదు. ఆ ముందు వారం విసిగిపోయి చెయ్యి చేసుకున్నాను, ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇవన్నీ వరసగా చెప్పేశాను. ఆవిడ ఓపిగ్గా విని, మేం లేచేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టారు. దాంట్లో కొన్ని కోర్సుల పేర్లు, పక్కన క్యూఆర్ కోడ్‌లు. ఏది ఎవరికో, ఎక్కడ మొదలుపెట్టాలో లేదు. నాలుగు నెలల తర్వాత జలుబుకి తీసుకెళ్తే ఎవరూ ఆ మాటే ఎత్తలేదు.

మేం ఉండేది డల్లాస్ దగ్గర. అలాంటి కాగితమే మా కాలనీలో ఇంకో ముగ్గురు తెలుగు అమ్మల బ్యాగుల్లో నలిగి ఉందని తర్వాత తెలిసింది. ముగ్గురూ ఒకటే అడిగారు: "వీటిలో ఏది చేయమంటావు?" ఈ ఏడాదిలో కొన్ని మేం చేశాం, కొన్ని దగ్గరివాళ్లు చేస్తుంటే చూశాను, మిగతావాటి గురించి కూర్చుని చదివాను. రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## అన్నిటిదీ ఒకే వేరు

పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. 1960ల్లో ఆరెగాన్‌లో కాన్‌స్టన్స్ హాన్ఫ్ అనే సైకాలజిస్టు, పిల్లాణ్ణి గదిలోకి తీసుకెళ్లి వైద్యం చేసే బదులు తల్లికే మెలకువలు నేర్పే పద్ధతి పెట్టారు. మొదటి సగంలో పిల్లాడు ఆట నడిపిస్తాడు, తల్లి వెంట నడుస్తుంది. రెండో సగంలో తల్లి మాట చెప్తుంది, చెప్పిన మాట మీద నిలబడుతుంది. ఈ కోర్సుల్లో ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్, పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ) నేరుగా ఆ పద్ధతిలోంచి వచ్చినవే. ట్రిపుల్ పీ, షికాగో పేరెంట్ ప్రోగ్రాం వేరే చోట్ల పుట్టినా నమ్మే సూత్రం అదే: మన ధ్యాస ఏ పనికి దొరికితే పిల్లలు ఆ పనే మళ్లీ మళ్లీ చేస్తారు.

కాబట్టి ఏది తీసుకున్నా నేర్పేవి దాదాపు ఇవే. రోజూ కాసేపు వాడి ఆట వాడి ఇష్టప్రకారం ఆడటం, మంచి పనిని పేరు పెట్టి మెచ్చుకోవడం, చిన్న పేచీల్ని పట్టించుకోకుండా ఉండటం, చెప్పేది ఒక్కసారే తేటగా చెప్పడం, కొట్టకుండా హద్దు పెట్టడం. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏఏపీ 2018లో కొట్టడం, కసరడం వద్దని గట్టిగానే చెప్పింది. ఈ కోర్సులన్నీ "మరి కొట్టకపోతే ఏం చేయాలి" అన్న ప్రశ్నకు జవాబులే.

అందుకని "ఏది గొప్పది" అన్న వెతుకులాట నాకు పెద్దగా ఉపయోగపడలేదు. ఏది చివరిదాకా చేయగలం, ఇంట్లో మిగతావాళ్లు కూడా పాటించేలా ఏది చెప్పగలం అన్నదే తేల్చింది.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

పిల్లాడి దగ్గర ఎక్కువసేపు ఎవరుంటారు? ఈ కోర్సులు చాలావరకు అమ్మా నాన్నలని ఊహించుకుని రాసినవి. మన ఇళ్లలో అన్నం తినిపించేదీ పడుకోబెట్టేదీ చాలాసార్లు అమ్మమ్మో నాయనమ్మో. కోర్సు మనం చేసి తిండి ఆవిడ పెడితే, నేర్చుకున్నది కంచం దాకా రాదు. మా ఇంట్లో మొదటిసారి పాడైంది ఇక్కడే.

వెనక మనిషి ఉన్నారా? మన అంతట మనం చేసుకునే కోర్సుల్లో మధ్యలో వదిలేసేవాళ్లు చాలా ఎక్కువ. వారానికోసారి ఒక నర్సో కోచో ఫోన్ చేసి "ఎలా జరిగింది?" అని అడిగితే ముందుకు సాగుతుంది. నేను దేనికైనా రాజీ పడతాను గానీ దీనికి పడను.

సమస్య ఎంత ముదిరింది? మారాం, బట్టలు వేసుకోకపోవడం, నిద్ర దగ్గర గొడవ, ఇదొక స్థాయి. తోటి పిల్లల్ని కొరకడం, డే కేర్‌వాళ్లు "ఇలాగైతే ఉంచుకోలేం" అనడం ఇంకో స్థాయి. రెండోదానికి వీడియోలు చాలవు.

టైము, డబ్బు, భాష. టైము లేదని అందరం అంటాం, నిజానికి ఉండేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఓ ఇరవై నిమిషాలు. దానికి సరిపోయేదే తీసుకోవాలి.

## ఒక్క చూపులో

| ప్రోగ్రాం | వయసు | ఎలా నడుస్తుంది | వెనక మనిషి | ఖర్చు |
|---|---|---|---|---|
| సీడీసీ ఎసెన్షియల్స్ | 2–4 ఏళ్లు | చిన్న వీడియోలు, వ్యాసాలు, ఎప్పుడైనా | లేరు | ఉచితం |
| ట్రిపుల్ పీ ఆన్‌లైన్ | 12 ఏళ్ల లోపు | 8 మాడ్యూళ్లు, మన వీలుని బట్టి | మామూలుగా లేరు | కొనాలి, కొన్ని చోట్ల ఉచితం |
| ఈజీపేరెంట్ | 2–5 ఏళ్లు | ట్యాబ్‌లో 6 మాడ్యూళ్లు | క్లినిక్‌ని బట్టి | క్లినిక్ ద్వారా |
| ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్ | 3–6 ఏళ్లు (ప్రీస్కూల్ కోర్సు) | వారం వారం గ్రూపు, నేరుగా లేదా జూమ్‌లో | ఉన్నారు | నడిపే సంస్థని బట్టి |
| ఆన్‌లైన్ పీసీఐటీ | 2–7 ఏళ్లు | థెరపిస్టు చూస్తూ చెవిలో చెప్తారు | పూర్తిగా | ఇన్సూరెన్సు, కో-పే |

## సీడీసీ ఎసెన్షియల్స్

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన ఉచిత పాఠాలు. పిల్లలతో మాట్లాడటం, రోజువారీ క్రమం, నియమాలు, క్రమశిక్షణ, టైమ్ అవుట్ (కాసేపు పక్కన కూర్చోబెట్టడం), ఇలా విడివిడిగా ఉంటాయి. ఖాతా తెరవక్కర్లేదు, వరసగా చూడక్కర్లేదు. లోటు ఏంటంటే ఎవరూ అడగరు. మనం చూశామా, చేశామా, ఆగిపోయామా అన్నది పట్టించుకునే నాథుడుండడు.

అయినా పెద్దవాళ్లున్న ఇళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. వీడియోలు చిన్నవి కాబట్టి హాల్లో టీవీకి పెట్టి, మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పొచ్చు. మేం అలాగే చేశాం. మెచ్చుకోవడం గురించిన వీడియో చూసి మా అమ్మ, "ఎదురుగా అంతలా పొగిడితే దిష్టి తగలదూ?" అంది. నిజంగానే భయపడింది. మా చిన్నప్పుడు మమ్మల్ని మొహం మీద మెచ్చుకోకపోవడానికి కారణం అదేనని నాకు ఆ రోజే అర్థమైంది. "పిల్లాణ్ణి పొగడొద్దమ్మా, వాడు చేసిన పని చెప్పు చాలు" అన్నాను. మర్నాడు గుమ్మం దగ్గర "బూట్లు రెండూ నువ్వే అరలో పెట్టేశావే!" అంది. వాడు ఆ బూట్లు తీసి, మళ్లీ అరలో పెట్టి, ఆవిడ మొహంలోకి చూశాడు. సాయంత్రం ఉప్పు తిప్పి పడేసిందనుకోండి, అది వేరే సంగతి. "గుడ్ బాయ్" అని రోజుకి ఇరవైసార్లు అన్నా రాని మార్పు ఆ ఒక్క వాక్యంతో వచ్చింది. ఏ కోర్సయినా నేర్పేది ఇదే: బిరుదు ఇవ్వకుండా, పనిని చెప్పడం.

## ట్రిపుల్ పీ ఆన్‌లైన్

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో మాట్ శాండర్స్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆన్‌లైన్‌లో 8 మాడ్యూళ్లు, 17 మెలకువలు. ఒక్కో మాడ్యూల్‌కి అరగంట నుంచి గంట. ముక్కలుగా చేసుకోవచ్చు. చివర్లో బజారుకి వెళ్లేటప్పుడు, విమానం ఎక్కేటప్పుడు ముందే ఎలా సిద్ధం కావాలో ప్లాన్ రాయిస్తారు. డల్లాస్ నుంచి హైదరాబాద్ దాకా పసివాడితో ప్రయాణం చేసేవాళ్లకి ఆ ఒక్క పాఠం కోసమైనా చూడాల్సిందే.

డబ్బు కట్టే ముందు మీ కౌంటీ, రాష్ట్రం ఆరోగ్య శాఖ వెబ్‌సైటు చూడండి. కొన్ని చోట్ల ఉచిత కోడ్ ఇస్తారు. ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్లకైతే ఇంకా సులువు: అక్కడి కేంద్ర ప్రభుత్వం 2022లో 12 ఏళ్ల లోపు పిల్లలున్న కుటుంబాలన్నిటికీ దీన్ని ఉచితంగా తెరిచింది. మెల్‌బోర్న్‌లో మా కజిన్ అలాగే చేసింది.

దీని బలహీనత నాకు స్వయంగా తెలుసు. మూడో మాడ్యూల్ దగ్గర ఆగిపోయాను. తిండి దగ్గర ఫోను మాన్పించడం మొదలుపెట్టాం. ఏడుపుని పట్టించుకోవడం మానేస్తే అది తగ్గేముందు ఒకసారి బాగా పెరుగుతుంది, ఆ మాట కోర్సులో ఉంది, చదివాను. చదవడం వేరు, మూడో రోజు పప్పన్నం కంచం గోడకి తగలడం వేరు. "కడుపు మాడ్చి ఏం సాధిస్తావే?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని ఫోను వాడి చేతికిచ్చింది. ఆవిడ్ని తప్పు పట్టను, ఆవిడకి ముందే చెప్పని తప్పు నాది. కానీ ఏడుపు శిఖరంలో ఉన్నప్పుడు ఫోను దొరికిందంటే, అంత గట్టిగా ఏడిస్తేనే దొరుకుతుందని వాడు నేర్చుకున్నట్టే. తర్వాతి వారం అంతకుముందుకన్నా ఘోరంగా గడిచింది. ఆ రోజు ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉండి ఉంటే మేం కోర్సు వదిలేసేవాళ్లం కాదు.

## ఈజీపేరెంట్

షికాగో పేరెంట్ ప్రోగ్రాం అని ఒకటుంది. నల్లజాతి, లాటినో తల్లిదండ్రుల్ని సలహాదారులుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల ఇళ్లలోని నిజమైన సందర్భాల వీడియోలతో తయారుచేశారు. దాని ట్యాబ్ రూపమే ఈజీపేరెంట్. పిల్లల డాక్టర్ల క్లినిక్‌లలోనే ఇచ్చి పరీక్షించారు. ఇది యాప్ స్టోర్‌లో దించుకునే రకం కాదు, మీ క్లినిక్‌లో ఉంటేనే దారి. ఉంటే వద్దనకండి, ఎందుకంటే మీ డాక్టరు గుమ్మంలోంచి వచ్చిన కోర్సు గురించి తర్వాతి చెకప్‌లో అడిగే అవకాశం ఎక్కువ.

## ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్

సియాటెల్‌లో క్యారొలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ రూపొందించిన గ్రూపు కోర్సు. పది పన్నెండు మంది తల్లిదండ్రులు, ఒకరిద్దరు శిక్షకులు, వారానికి రెండు గంటలు. పూర్తి ప్రీస్కూల్ కోర్సు 18 నుంచి 20 వారాలు పడుతుంది. కోవిడ్ తర్వాత జూమ్‌లో కూడా నడుస్తోంది. బోస్టన్ చుట్టుపక్కల పిల్లల క్లినిక్‌లలో దీన్ని 10 వారాలకు కుదించి నడిపి చూశారు. 2 నుంచి 4 ఏళ్ల పేచీ పిల్లలున్న తల్లిదండ్రుల తీరులోనూ, పిల్లల ప్రవర్తనలోనూ మెరుగు కనిపించిందని 2014లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లకి వారం వారం రెండు గంటలు చాలా బరువు, కాదనను. కానీ ఒంటరిగా ఉన్న అమ్మలకి, ముఖ్యంగా డిపెండెంట్ వీసా మీద వచ్చి రోజంతా పిల్లాడితో నాలుగు గోడల మధ్య ఉండేవాళ్లకి, ఇంతకంటే మంచిది లేదు. మా పక్కింటి అమ్మాయి జూమ్ గ్రూపులో చేరిన మొదటి రోజు ఒక మెక్సికన్ తల్లి "మా అత్తగారు కూడా చాక్లెట్ ఇచ్చి ఊరుకోబెడతారు" అంటే విని, ఫోన్ చేసి నాకు ఆనందంగా చెప్పింది. తన ఇల్లొక్కటే ఇలా లేదని తెలిసిన ఆ ఊరట వీడియో కోర్సులో దొరకదు.

## ఆన్‌లైన్ పీసీఐటీ

షీలా ఐబర్గ్ అనే సైకాలజిస్టు 1970ల్లో ఆరెగాన్‌లో తయారుచేసిన చికిత్స. మీరు మీ గదిలో పిల్లాడితో బ్లాకులు పేరుస్తుంటారు, చెవిలో ఇయర్‌ఫోన్, అటువైపు థెరపిస్టు కెమెరాలో చూస్తూ "ఇప్పుడు వాడు నెమ్మదిగా పెట్టాడు, అది చెప్పండి" అని అప్పటికప్పుడే అందిస్తారు. ఇంటిపని రోజుకి ఐదు నిమిషాల ఆట. ఆ ఐదు నిమిషాల్లో ఆజ్ఞలు ఉండకూడదు, ప్రశ్నలు ఉండకూడదు, తప్పులెంచకూడదు. చేసి చూడండి. "ఇదేం రంగు?" "ఇది ఇక్కడ పెట్టు" అనకుండా మన నాలుక ఒక్క నిమిషం ఆగదు.

కొట్టడం, కొరకడం, వస్తువులు విసరడం రోజూ ఉంటే, డే కేర్ నుంచి ఫోన్లు వస్తుంటే, మిగతావాటితో మూడు నెలలు పోగొట్టుకోకుండా డాక్టర్ని నేరుగా దీనికి రిఫరల్ అడగండి. వెయిటింగ్ లిస్టులు ఉంటాయి, అందుకే ముందే పేరు రాయించాలి. చెవిలో ఇంగ్లీషు వినిపిస్తున్నా పిల్లాడితో తెలుగులో మాట్లాడొచ్చా అని మొదటి ఫోన్‌లోనే అడగండి.

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగం, ఇంట్లో పెద్దవాళ్లు లేరు, సమస్య మామూలు మారామే. అలాగైతే ట్రిపుల్ పీ. కానీ మొదలుపెట్టే రోజే క్లినిక్‌కి ఫోన్ చేసి, రెండు వారాలకోసారి నర్సు పలకరించగలరా అని అడగండి. కుదరకపోతే ఇదే కోర్సు చేసే స్నేహితుల్ని ఒకరిని వెతుక్కోండి. మేం క్లినిక్ మారాక కొత్త చోట నర్సు అలా ఫోన్ చేయడం మొదలుపెట్టింది, పది నిమిషాలే. ఆ పది నిమిషాలకి భయపడే రెండోసారి ఎనిమిది మాడ్యూళ్లూ పూర్తిచేశాను.

నాన్నలు. దయచేసి ఇద్దరూ ఒకే రాత్రి, ఒకే స్క్రీన్ ముందు కూర్చోండి. భార్య చూసి భర్తకి సారాంశం చెప్తే, పిల్లాడి ముందు "నువ్వు చెప్పినట్టు చేయాలా?" అన్న గొడవే మిగులుతుంది. మా ఆయన స్నానం బాధ్యత తీసుకుని ఆ పాఠం తనే చేశాడు. ఇప్పుడు "ఇంకో రెండు నిమిషాల్లో నీళ్లు ఆపేస్తాం కన్నా" అని ముందే ఒకసారి చెప్తాడు, చెప్పిన రెండు నిమిషాలకి ఆపేస్తాడు. గొడవ పూర్తిగా పోలేదు, అరగంట కాస్తా ఐదు నిమిషాలైంది.

రెండో కాన్పు అయి, పెద్దవాడు మూడేళ్లవాడు, మీకే ఏదీ చేయబుద్ధి కావడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది. అలాగైతే కోర్సు పక్కన పెట్టండి. ముందు మీ సంగతి. అమెరికాలో తల్లుల మానసిక ఆరోగ్య హాట్‌లైన్ 1-833-852-6262, రోజంతా పనిచేస్తుంది, దుబాసీని అడగొచ్చు. ఇండియాలో టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉండి చదువుతున్నవాళ్లకి: సీడీసీ పాఠాలు అక్కడి నుంచీ చూడొచ్చు. కానీ మనిషి కావాలంటే మీ పిల్లల డాక్టరు, అంగన్‌వాడీ దగ్గరి దారి. ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లల్ని చూడాలన్నది నియమం. ఎదుగుదలలో అనుమానం ఉంటే జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల సమస్యల్ని చూసే కేంద్రం డీఈఐసీకి పంపిస్తారు, డబ్బు కట్టక్కర్లేదు.

## ఏ కోర్సూ వద్దనాల్సిన సందర్భం

పిలిస్తే తిరగడం లేదు, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపడం లేదు, వచ్చిన మాటలు పోయాయి. ఇలాంటివి ఏవున్నా అది పెంపకం సమస్య అనుకుని కోర్సు చేస్తూ కూర్చోవద్దు. ఎదుగుదల పరీక్ష చేయించండి. అమెరికాలో మూడేళ్ల లోపైతే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి (ఎదుగుదల ఆలస్యమైన పసిపిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం), మూడు నిండితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి మీరే ఫోన్ చేసి పరీక్ష అడగొచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు, ఆ పరీక్ష ఉచితం. ఎవరైనా "ఇంట్లో తెలుగు మానేయండి, అందుకే మాటలు రావడం లేదు" అంటే వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమయ్యే జబ్బు రాదు. తెలుగు మానేస్తే అమ్మమ్మతో పిల్లాడికి మాట్లాడే దారే పోతుంది.

## అమ్మానాన్నలు వచ్చే ముందు

ఊరి నుంచి పెద్దవాళ్లు ఆరు నెలలకని వస్తున్నారంటే, కోర్సు వాళ్లు దిగిన వారం మొదలుపెట్టొద్దు. జెట్‌లాగ్, మనవడి మీద బెంగ తీరకముందే నియమాలు చెప్తే నొచ్చుకుంటారు. నెల ముందే మొదలుపెట్టి రెండు మెలకువలు మీ చేతికి అలవాటు చేసుకోండి. వాళ్లు వచ్చాక రెండు వారాలు ఆగండి. తర్వాత ఒక్క విషయమే ఎంచుకుని సాయం అడగండి. మేం అడిగింది, "అల్లరి చేస్తే డాక్టరు సూది పొడుస్తాడు" అనడం మానమని. ఆ మాట వల్ల మావాడు క్లినిక్ పార్కింగ్‌లోనే కారు సీటు పట్టుకుని వేలాడేవాడు. అమ్మ ఒప్పుకుంది, "మా నాయనమ్మ నాకూ అదే చెప్పేది, డాక్టర్ని చూస్తే పరిగెత్తేదాన్ని" అంది. నాలుగేళ్ల చెకప్‌కి మాతో తనూ వచ్చింది. వాడు ఆవిడ ఒళ్లో కూర్చుని చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు. టీకా పడ్డాక ఏడ్చాడు, మామూలుగా ఏడ్చే అంతే.